ఏసీ గదిలోనూ మన వాడను వెతుకుతారా?

1969లో 14, 1980లో మరో 6 బ్యాంకుల్ని జాతీయం చేశాక, రిజర్వేషన్ పుణ్యాన మనోళ్లు కౌంటర్ అవతల కుర్చీలో కూర్చోగలిగారు. ఇప్పుడు మేం చదువు చెప్పిన పిల్లలు హైదరాబాదులో పెద్ద పెద్ద ప్రైవేటు ఫైనాన్సు కంపెనీల్లో చేరుతున్నారు. సంతోషమే. కానీ రాజ్యాంగం 16(4) అధికరణం ప్రభుత్వ కొలువులకే. ఆ అద్దాల మేడ గడప తొక్కదు.

మా పాత విద్యార్థిని ఒకామె చెప్పింది: "సార్, పని రాదని ఎవరూ అన్లేదు. ఇంటిపేరేంటి, ఊళ్లో ఇల్లు ఎటువైపని అడిగారు. ఆనాటి నుంచి అన్నం డబ్బా విప్పితే నా పక్క కుర్చీ ఖాళీ. రెండేళ్లూ టార్గెట్ దాటాను. ప్రమోషన్ లిస్టులో నా పేరు లేదు."

మెరిటంటే ఇదేనా? మన కూలి డబ్బుల కిస్తీలు తీసుకునేటప్పుడు అడగని కులం, కుర్చీ ఇచ్చేటప్పుడెందుకు? ప్రైవేటు కొలువుల్లోనూ రిజర్వేషన్ కావాలి. మేం అడుక్కోవడం లేదు, మా వాటా అడుగుతున్నాం.