లోహం పేరు కాదు, పాడయ్యే తీరు తెలుసుకోండి

‘ఇంజిన్ బ్లాక్ అల్యూమినియందైతే ఎక్కువ కాలం మన్నుతుందా, కాస్ట్ ఐరన్‌దైతేనా?’ నా మొదటి ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న ఇది. తడుముకోకుండా ‘కాస్ట్ ఐరనే సార్, గట్టిది కదా’ అన్నాను. ‘మరి చిన్న పెట్రోల్ కార్లలో ఎక్కువగా అల్యూమినియమే ఎందుకు వాడుతున్నారు?’ అన్నారాయన. నోట మాట రాలేదు. ఉద్యోగమూ రాలేదు.

నా జవాబు పూర్తిగా తప్పేం కాదు. కాకపోతే అది సగం జవాబే. కాస్ట్ ఐరన్‌లో ఉండే గ్రాఫైట్ రేకులు అరుగుదలను తగ్గిస్తాయి, ఇంజిన్ అదురును మింగేస్తాయి. ఇనుముకు ఇంకో సుగుణం ఉంది. ఒక హద్దు దాటని ఒత్తిడిని ఎన్ని లక్షలసార్లు మోపినా అలసటతో పగుళ్లివ్వదు. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. లారీల పెద్ద డీజిల్ ఇంజిన్లలో నేటికీ ఇనుప బ్లాకులే ఎక్కువగా కనబడటానికి ఇదో కారణం.

ఇక రెండో సగం. ఘన సెంటీమీటరు కాస్ట్ ఐరన్ సుమారు 7.2 గ్రాములు తూగితే, అల్యూమినియం 2.7 గ్రాములే. బలం కోసం గోడలు మందంగా పోసినా, పక్కటెముకల్లాంటి రిబ్బులు పెట్టినా బరువు బాగానే తగ్గుతుంది. మైలేజీకి అది లాభం. పైగా వేడిని త్వరగా బయటికి పంపిస్తుంది. అరుగుదల మాటేమిటంటారా? చాలా అల్యూమినియం బ్లాకుల్లో సిలిండర్ లోపల ఇనుప లైనర్ ఉంటుంది. అంటే ‘అల్యూమినియం ఇంజిన్’లోనూ పిస్టన్ రింగులు రాసుకునేది చాలావరకు ఇనుముతోనే!

దాని అసలు బలహీనత వేడెక్కడం. అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇంజిన్ మితిమీరి కాగితే వంకర పోతుంది. హెడ్ కూర్చునే తలం వెంట్రుక మందం వంగినా గ్యాస్కెట్ లీకవ్వచ్చు.

1970లో అమెరికాలో జనరల్ మోటార్స్ తెచ్చిన షెవ్రొలె వేగా కథ చదవండి. దాని అల్యూమినియం బ్లాకులో లైనర్లు లేవు. 17 శాతం సిలికాన్ కలిపిన మిశ్రలోహమే సిలిండర్ గోడ. కూలెంట్ తగ్గి ఇంజిన్ కాగినప్పుడు సిలిండర్లు వంకరపోయేవి, గోడలు గీసుకుపోయేవి, ఇంజిన్ ఆయిల్ తాగేసేది. అల్యూమినియం పేరు చెడింది. కానీ 1977లో వచ్చిన పోర్షే 928లోనూ అదే తరహా లైనర్లు లేని బ్లాకే. ఆ కారు 1995 దాకా తయారైంది. లోహం అలాంటిదే. మారింది దాని చుట్టూ ఉన్న డిజైన్.

ఈ పాఠం నాకు పుస్తకంలో దొరకలేదు, మా ఇంట్లోనే దొరికింది. నాన్న కారు రేడియేటర్‌లో కూలెంట్ తగ్గితే నేను బోరు నీళ్లు పోసేవాణ్ని. బోరు నీళ్లలోని లవణాలు లోపల పొక్కు కడతాయి, అల్యూమినియాన్ని తినేస్తాయి. ఓ ఎండాకాలం దారిలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత తాకింది. ‘ఇంకో పది కిలోమీటర్లే కదా’ అని పోనిచ్చాను. హెడ్ వంగింది, గ్యాస్కెట్ పోయింది. ‘అల్యూమినియం ఇంజిన్లింతే’ అన్నాను షెడ్డులో. మెకానిక్ నవ్వి, రేడియేటర్ మూత తీసి తుప్పు నీళ్లు చూపించాడు. అప్పటివరకు దాచుకున్న డబ్బంతా బిల్లుకే పోయింది.

అందుకే చెబుతున్నా. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే ఒక్క మాటలో తేల్చేయకండి. ‘ఏ వాహనం, ఎంత బరువు, ఎంత వేడి, ఎలాంటి నిర్వహణ?’ అని మొదలుపెట్టండి. సెలవు రోజున దగ్గర్లోని షెడ్డుకో, విజయవాడ ఆటోనగర్‌లాంటి చోటికో వెళ్లి పాడైన బ్లాకులు చూడండి. ఏది ఎక్కడ అరిగింది, ఎక్కడ పగిలింది, ఎందుకని అడగండి. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడూ బ్లాక్ ఏ లోహమని ఆరా తీసేకన్నా ముందు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ రంగు చూడండి.

ఏది గట్టిదో ఎవరైనా చెబుతారు. ఏది ఎందుకు పాడవుతుందో చెప్పగలిగినవాడే ఇంజినీరు.