మూడు పిడికిళ్ల మట్టి

అమ్మీకి గుసుల్ ఇచ్చింది ఆపా. ఐదు బట్టల కఫన్ తొడిగింది ఆపా. మంచాన పడ్డ మనిషికి ఏండ్ల తరబడి బువ్వ తినిపించింది, పక్క మార్చింది కూడా ఆపానే. పట్నంలో పత్రికాఫీసులో అక్షరాలు దిద్దుకునే నేను పొద్దున బస్సు దిగి దోమకొండకు చేరాను. డోలా లేచింది. ఆపా గడప దాటబోయింది.

"ఔరతాఁ నక్కో" అన్నాడో చచ్చా.

అంతే. నేను పోయి మూడు పిడికిళ్ల మట్టి వేసొచ్చాను. ఆమె గడప మీదే కూలబడింది.

ఏ హక్కుతో ఆపావు చచ్చా? ప్రవక్త సొంత బిడ్డకు గుసుల్ ఇచ్చిన ఉమ్మె అతియ్యానే చెప్పారు, జనాజా వెంట రావద్దన్నారు గానీ గట్టిగా నిషేధించలేదని. సోదరుడి ఖబర్ దగ్గరికి ఆయెషా వెళ్లారనీ హదీసుల్లో ఉంది. ఉలమాల మధ్య దీనిమీద వాదాలున్నాయి. ఉండనీ. వాదం తెగనిచోట గొళ్లెం పెట్టే అధికారం నీకెవరిచ్చారు?

ఆపా ఏడ్చింది. "నన్నెవరికి ఒప్పజెప్పి పోయినవే అమ్మా" అని తెలుగులో ఏడ్చింది. కొత్తగా జమాత్‌లో తిరిగొచ్చిన పిల్లగాడొకడు, అది హిందువుల ఏడుపు, గునా అన్నాడు. బట్టలు చింపుకోవడం, చెంపలు బాదుకోవడం వద్దన్నారు బాబూ. కన్నీళ్లు వద్దనలేదు. కొడుకు ఇబ్రాహీం పోయినప్పుడు ప్రవక్త కండ్లు చెమర్చలేదా? మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూనే. కానీ వాడకట్టు ఆడవాళ్లతో కూచుని బీడీలు చుట్టిన ఆపాకు శోకం తెలుగులోనే వస్తుంది. దుఃఖానికి కూడా సర్టిఫికెట్ అడుగుతారా?

ఇక చాలీస్వాఁ. మూడోనాడు జియారత్, పదోనాడు, ఇరవయ్యోనాడు, నలభయ్యోనాడు దావత్. బగారా ఖానా, దాల్చా, మటన్. వందకు మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి పెట్టాలి. మూతా యుద్ధంలో జాఫర్ చనిపోతే, వాళ్లింటికి అన్నం వండి పంపమన్నారు ప్రవక్త. మనమేమో చావింటికి పోయి అన్నం తిని, బొక్కలు గట్టిగున్నాయని వంక పెట్టి వస్తాం. దుఃఖంలో ఉన్నోడి గిన్నె ఖాళీ చేయడం ఏం సవాబు? మేం చేయలేదు. కంజూస్ అన్నారు. అననీ.

సెక్యులర్ మిత్రమా, నవ్వకు. నీ వాడలో పెద్దకర్మకు కుదువబెట్టిన పుస్తెలు నాకు తెలుసు. "మీవాళ్లు చచ్చినా జాగ కావాలి" అని చాయ్ తాగుతూ నువ్వన్న మాటా గుర్తుంది.

2020 మే నెలాఖరులో, లాక్‌డౌన్ రోజుల్లో, మా ఊరి గడి వారసుడు, మాజీ ఐఏఎస్ కామినేని ఉమాపతిరావు అంత్యక్రియలు దోమకొండలోనే జరిగాయి. చిరంజీవి, రామ్‌చరణ్ వచ్చారు. పుట్టిన మట్టికి రావాలనుకోవడంలో తప్పేముంది? అదే కోరిక మా అమ్మీకీ ఉండె. 2022లో గడికోట పరిరక్షణకు యునెస్కో అవార్డు వచ్చింది. సంతోషం. రాళ్లకు అంత గౌరవం దక్కిన దేశంలో, తాతముత్తాతల నాటి నుంచి పూడ్చుకుంటున్న జాగకు మాత్రం దస్తావేజు అడుగుతున్నారు. వాడుక వల్లనే వక్ఫ్ అయిందనే మాటను 2025 చట్టం ఇకముందుకు తీసేసింది. ముందే రిజిస్టరైనవి ఉంటాయట, వివాదం లేకపోతే, సర్కారు భూమి కాకపోతే. ఎన్ని పల్లెల్లో ఖబ్రస్తాన్‌కు కాగితం ఉంటుంది? మా కాగితం మట్టి కిందుంది. తవ్వి చూపించమంటారా?

నలభై ఒకటోనాడు తెల్లారుగట్ల ఆపాను నేనే తీసుకుపోయాను. వానకు ఖబర్ ఓ పక్క కుంగింది. ఆమె తెలిసిన దువా చదివింది, తర్వాత తెలుగులో అమ్మీతో ఏదేదో మాట్లాడింది. వంగి మూడు పిడికిళ్ల మట్టి తీసి వేసింది. తుమ్మచెట్టు కింద చచ్చా నిలబడి చూస్తున్నాడు. ఏమీ అనలేదు.