ఆకు రాలితే చెట్టు చచ్చినట్టు కాదు



ఈరోజు పత్తి గురించి కాదు, మిర్చి రేటు గురించీ కాదు. పెరట్లో పూల చెట్ల గురించి రాస్తున్నా. ఈయనకేం పని లేదా అనుకునేవాళ్లు అనుకోండి. ఎండలు ముదిరాయి, మనవాళ్లు పెరట్లో మోడులు చూసి గొడ్డలి తీసే రోజులివే. అందుకే ఇప్పుడే చెప్పాలి.

నాలుగేళ్ల కిందట ఇదే రోజుల్లో మా అమ్మ చెల్లెలు వాళ్లింటికి వెళ్లి నెల రోజులు ఉంది. పెరట్లో ఆమె పెట్టిన పారిజాతం ఉండేది. ఇరవై ఏళ్ల పైమాటే. ఒక్క ఆకు లేదు, కొమ్మలన్నీ పుల్లల్లా ఉన్నాయి. బండి పెట్టుకోవడానికి జాగా కావాలి, సోమవారం మేస్త్రీ వస్తానన్నాడు. ఎండిపోయిందిలే అని నరికేశా. గొడ్డలి దిగాక చూస్తే లోపల చెక్క పచ్చిగా, చెమ్మగా ఉంది. అప్పటికే సగం పైన తెగింది, ఇంక ఆపి ఏం లాభం అని మొత్తం కొట్టేశా. అదీ నా తెలివి.

అమ్మ వచ్చి చూసింది. తిట్టలేదు. "ఎండాకాలం దానికి ఆకు ఎక్కడ ఉంటదిరా?" అంది అంతే. మూడు రోజులు పొద్దున్నే లేచి అలవాటు కొద్దీ బుట్ట తీసుకుని అటే వెళ్లబోయి ఆగిపోయేది. ఆ రోజుల్లో పూలుండవని ఆమెకు తెలుసు, అయినా కాళ్లు అటే పోయేవి. మేస్త్రీని రావద్దని ఫోన్ చేశా. మొదలు అట్లాగే వదిలేస్తే తొలకరి వానలకు మూడు పిలకలు లేచాయి. రెండో ఏడు పూసింది.

ముప్పై ఏళ్లుగా వ్యవసాయం చేస్తున్నానని చెప్పుకునే నాకు, ఎండకు తట్టుకోవడానికి ఆకు రాల్చే చెట్టుకీ, చచ్చిన చెట్టుకీ తేడా తెలియలేదు. మీరూ నాలాంటివాళ్లే, మొహమాటం లేకుండా అంటున్నా. పొలంలో మొక్కకి చిన్న మచ్చ వస్తే ఫోటో తీసి పది గ్రూపుల్లో పెడతాం. పెరట్లో చెట్టు మాత్రం ఆడవాళ్ల పని అంటాం. వాళ్లని ఒక మాట అడగం, గొడ్డలి మాత్రం మనమే పట్టుకుంటాం.

నరికే ముందు కొమ్మ మీద గోటితో గీకండి. తోలు కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. అక్కడ ఎండి గోధుమ రంగులో ఉంటే ఇంకా కిందికి గీకుతూ రండి. మొదలు దాకా ఎండినా ఒక వానాకాలం చూసి అప్పుడు తీయండి. ఆకు లేదు కదా అని రోజూ బిందెలు గుమ్మరించొద్దు. ఆకు లేని చెట్టు తాగేది తక్కువ, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది.

ఇక కత్తిరింపు. పారిజాతం వానాకాలం చివర నుంచి చలికాలం మొదటి దాకా కొత్త కొమ్మల మీద పూస్తుంది. పూత అయిపోయాక, కొత్త చిగురు రాకముందే కత్తిరించాలి. వానల్లో బాగా గుబురైంది కదా అని అప్పుడు కోస్తే పూసే కొమ్మే పోతుంది. లావు కొమ్మ కోస్తే ఆ కోత మీద బోర్డో పేస్టు పూయండి.

మల్లె అయితే మా వైపు చిన్నపిల్లాడికైనా తెలుసు. చలికాలంలో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, పశువుల ఎరువు వేసి అప్పుడు నీళ్లు పెడతారు. ఆకు దూసే ఓపిక లేక కొందరు గొర్రెలనే తోలి మేపిస్తారు. దానిమ్మ రైతులు కూడా అంతే, నీళ్లు ఆపి ఆకు రాల్పించి పూత తెప్పిస్తారు. అనంతపురం వైపు వాళ్లని అడగండి, బహార్ గురించి గంట చెబుతారు. తోటలో ఆకు రాల్చడానికి అంత కష్టపడతాం, పెరట్లో ఆకు దానంతట అదే రాలితే కంగారు పడతాం! ఇప్పుడు మల్లె పూత మీద ఉంది కాబట్టి కత్తెర మాత్రం పెట్టకండి.

యూరియా గురించి కూడా ఒక మాట. చేనుకి వేయగా మిగిలిన గుప్పెడు తెచ్చి మొదట్లో పోస్తాం. ఆకు దట్టంగా వస్తుంది, పువ్వు రాదు. పైగా మొదలుకి ఆనుకుని పడితే వేరు మాడుతుంది. బాగా మాగిన పశువుల ఎరువు రెండు తట్టలు, తొలకరికి పాదు తవ్వి వేస్తే చాలు.

అన్నిటికంటే ముఖ్యం, గడ్డి మందు కొట్టిన ట్యాంకుతో పూల చెట్లకి పురుగు మందు కొట్టొద్దు. ఒకసారి కడిగాం కదా అంటారు. మా పక్కింటి గులాబీలు అట్లాగే ఆకు ముడుచుకుని వారంలో పోయాయి. ఇంటికి వేరే చిన్న పంపు కొనుక్కోండి, పెద్ద ఖర్చేం కాదు.

వాకిలంతా సిమెంటు చేయించుకునేవాళ్లు చెట్టు చుట్టూ కనీసం రెండడుగులు మట్టి వదలండి. మా ఇంట్లో ఇప్పుడు నాలుగడుగులు వదిలాం. బండి బయట ఎండలోనే ఉంటుంది, సీటు చిరిగింది.

ప్రస్తుతం మా పారిజాతం మళ్లీ మోడులాగే ఉంది. అమ్మ మొన్న గోటితో గీకి నన్ను పిలిచి చూపించింది. కొమ్మ కావాల్సినవాళ్లు వానలు పడ్డాక ఇంటికి రండి, ఆమెని అడిగి ఇస్తా.