అవ్వ గొంతుకు '214' అనే పేరా?

బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో పనిచేసే మా మేనల్లుడికి శబ్దాలను పోగుచేయడం ఒక వ్యసనం. సెలవు దినాల్లో మిత్రులతో కలిసి లఘుచిత్రాలు తీస్తాడు. వాటికి కావలసిన తలుపు చప్పుడు, వాన హోరు, కోడికూత, సంత సందడి అన్నీ కంప్యూటరులో దాచుకొన్నాడు. హోసూరు దగ్గరి మా ఊరికి వచ్చినప్పుడల్లా మా అమ్మ చేత విసుర్రాయి పాటలు పాడించి సెల్‌ఫోనులో పట్టుకొనేవాడు. అలా పోగైన ఆరువందల ఫైళ్లను ఒక రాత్రి ఒకే ఆదేశంతో ఎంపీ3 రూపంలోకి మార్చాడు. అదే విడతలో పేర్లు కూడా మార్చాడు. ప్రతి ఫైలుకూ అది ఉన్న ఫోల్డరు పేరు, పక్కన ఒక వరుస సంఖ్య. చోటు కలిసివస్తుందని పాతవాటిని చెరిపివేశాడు.

అమ్మ పోయిన తరువాత ఆమె పాట వినాలనిపించి అడిగితే రెండు రోజులు వెతికాడు. చివరికి 'కన్నడ జానపదం 214' అనే పేరుతో దొరికింది. ఎక్కడినుంచో తెచ్చుకొన్న కన్నడ పాటల ఫోల్డరులో మా అమ్మ పాటలు కూడా చేరిపోయి ఉన్నాయి. యంత్రం తనకు చెప్పిన పని తాను చేసింది. 215లోని గొంతు అమ్మదో, మా పిన్నమ్మదో నేటికీ తేలలేదు. పాడిన తేదీలు కూడా పోయాయి. కొత్తగా పుట్టిన ఫైళ్లన్నిటికీ ఆ రాత్రి తేదీయే పడింది. "మామా, ఇది అవ్వేనా?" అని వాడు అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

ఇది ఒక ఇంటి దుఃఖం మాత్రమే కాదు. 1956 నవంబరు 1న రాష్ట్రాల సరిహద్దులు గీసినప్పుడు మనం ఊరు కదలలేదు, గీత మాత్రమే కదిలింది. 2011 జనగణనలో కర్ణాటకలో తెలుగు తమ మాతృభాష అని చెప్పుకొన్నవారు 35 లక్షలకు పైబడి ఉన్నారు. అయినా కర్ణాటకలో పుట్టిన పాట అనగానే కన్నడమనీ, హోసూరులో పుట్టిన పాట అనగానే తమిళమనీ అనుకోవడం పైవారికి అలవాటు. అది వారి అజ్ఞానం అనుకొందాం. మన ఇంటి ఫైలుకు మనమే ఆ పేరు పెడితే దానిని ఏమనాలి? కన్నడం మన పొరుగు నుడి, మన నోట మెలిగే నుడి. దానిపై మనకు ఏ వైరమూ లేదు. తెలుగు పాటకు తెలుగు అనే పేరు ఉండాలన్నది మాత్రమే మన కోరిక.

పేరు ఎంత పని చేస్తుందో చూడండి. జార్జి గ్రియర్సన్ నడిపిన భారత భాషల సర్వేక్షణకు అనుబంధంగా, 1913 తరువాతి సంవత్సరాలలో, దేశంలోని నానా భాషల మాటలను గ్రామఫోను రికార్డులపై పట్టారు. వాటిలో తెలుగు కూడా ఉంది. నూరేళ్లు దాటినా వాటిని వెతికి వినగలుగుతున్నామంటే, ఏ భాష, ఏ ప్రాంతం అన్న వివరం రికార్డు వెంట నిలిచి ఉండడమే కారణం. బీబీసీ 2018లో తన 16,000 శబ్దాలను ప్రజలకు అందుబాటులోకి తెచ్చినప్పుడు వాటి వెంట వివరణలూ ఉన్నాయి. చలనచిత్ర శబ్దకారులు 2020లో వాడుకలోకి తెచ్చిన యూనివర్సల్ కేటగిరీ సిస్టమ్ అనే పద్ధతి శబ్దాలను 80కి పైగా వర్గాలుగా విభజిస్తుంది. వర్గం, వర్ణన, పట్టినవారి గుర్తు, ఏ సేకరణలోనిది అన్నవి ఫైలు పేరులోనే వరుసగా రాయమంటుంది. తలుపు కిర్రుమన్న చప్పుడుకే అంత వివరం రాస్తున్నారే, అవ్వ పాటకు మనం ఎంత రాయాలి!

కుప్పగా రూపం మార్చడం, పేర్లు మార్చడం తప్పని నేను అనను. వందల ఫైళ్లను ఒక్కొక్కటిగా దిద్దడం ఎవరి తరమూ కాదు. అయితే యంత్రానికి అప్పగించే ముందు మనిషి చేయవలసిన పని ఒకటి ఉంది. అదే జాబితా. పెద్దలను పక్కన కూర్చోబెట్టుకొని, ప్రతి ఫైలునూ వినిపించి, పాడినవారు ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ సందర్భం అన్నది రాసుకోవాలి. ఆ జాబితాను చూసి పేర్లు పెట్టే పనిని యంత్రం క్షణాల్లో చేస్తుంది. జాబితాలో లేనిదాన్ని మాత్రం అది ఏనాటికీ చెప్పలేదు.

రెండవది, మూలాన్ని చెరపరాదు. పాత సెల్‌ఫోన్ల ఏఎంఆర్ ఫైళ్లు ధ్వనిని సెకనుకు 8,000 నమూనాలుగానే పట్టేవి. వాటిని వేవ్‌గా మార్చినా పోయిన నాదం తిరిగిరాదు. ఎంపీ3గా మారిస్తే ఉన్నదానిలో మరికొంత పోతుంది. కొత్తగా పట్టేవారు సెకనుకు 48,000 నమూనాలతో, 24 బిట్లతో పట్టాలి. ఒక్క మైకుతో అయితే గంటకు సుమారు 520 మెగాబైట్లు పడుతుంది. అంత చోటు లేదనుకొంటే ఫ్లాక్ రూపం ఉంది. అది పరిమాణాన్ని తగ్గిస్తుంది గాని ధ్వనిని తగ్గించదు.

మూడవది, పేరు తెలుగు లిపిలో ఉండాలి. 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు స్థానం దక్కింది. ఇంకా ఇంగ్లీషు అక్షరాల్లో అవ్వ పేరును వంకరగా రాయడమెందుకు? కొన్ని జాగ్రత్తలు అవసరమే. ముందు సంవత్సరం, నెల, తేదీ అంకెల్లో వేసి ఆ తరువాత పేరు రాస్తే ఫైళ్లు కాలక్రమంలో నిలుస్తాయి. కొన్ని వ్యవస్థల్లో ఫైలు పేరు 255 బైట్లు మించరాదు. ఒక్కొక్క తెలుగు గుర్తుకు 3 బైట్లు పడుతుంది కనుక పేరు పొట్టిగా ఉండాలి, మిగతా వివరం జాబితాలో ఉండాలి. పాత అను ఖతులతో టైపు చేసిన జాబితాలుంటే వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

ఇంకొక మాట. అవ్వ 'ఇసుర్రాయి' అంటే ఇసుర్రాయి అనే రాయండి. దిద్ది 'విసుర్రాయి' చేయకండి. గ్రంథస్థమైన మాటను జాబితాలో పక్క వరుసలో రాసుకోవచ్చు. సరిహద్దు తెలుగు పలుకు అందులోనే బతికి ఉంది.

2025లో బొమ్మసంద్ర దాకా మెట్రో వచ్చింది. హోసూరు దారిన పనులకు వచ్చిపోయే మన పిల్లలకు చేతిలో మంచి ఫోన్లున్నాయి, ఇంట్లో ఇంకా కొందరు అవ్వలున్నారు. ప్రభుత్వం వచ్చి మన శబ్దాలను భద్రపరచాలని అడుగుదాం, అది మన హక్కు. అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. ఈ ఆదివారం ఒక నోటుపుస్తకం తీసుకొని ఇంటి పెద్దల పక్కన కూర్చోండి. మా ఇంట్లో 215 ఎవరిదో చెప్పగలిగినవారు ఇక లేరు. మీ ఇంట్లో ఇంకా ఉన్నారు.