ఎవరి పేరు మీద ఉంటున్నావమ్మా?

2023 సంక్రాంతి. జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూసొచ్చి వారం కూడా తిరగలేదు. పెద్దమ్మాయికి పంపడానికి అరిసెలు, పూతరేకులు డబ్బాల్లో సర్దుతున్నాను. పొద్దున్న ఏడింటికి ఫోన్ మోగింది. టెక్సాస్‌లో అప్పుడు రాత్రి ఏడున్నర.

“అమ్మా, నా ఉద్యోగం తీసేశారు. అరవై రోజులుంది” అంది.

అరవై రోజులేమిటో నాకప్పుడు తెలీదు. ఉద్యోగం పోయిందన్న మాటే వినపడింది. అమ్మాయి ఏడవట్లేదు కాబట్టి ధైర్యం చెప్పాలనుకున్నాను. “పోనీలే అమ్మడూ, అబ్బాయికి ఉందిగా. ఇన్నాళ్ళూ పరుగులే అయ్యాయి, కొన్నాళ్ళు ఇంటిపట్టునుండు” అన్నాను. అటువైపు నుంచి మాట లేదు. “సరే అమ్మా, తర్వాత చేస్తాను” అని పెట్టేసింది.

నేనన్న మాటలో తప్పేముందో తెలుసుకోవడానికి నాకు ఏడాది పైనే పట్టింది. అందుకే ఇది రాస్తున్నాను. మన ఇళ్ళల్లో అమ్మలందరం ఆ మాటే అంటాం కనుక.

ముందు ఆ అరవై రోజుల సంగతి. మా అమ్మాయి అక్కడ ఎమ్మెస్ చదివి, లాటరీలో నెగ్గి, తన ఉద్యోగం మీద తను హెచ్1బి తెచ్చుకుంది. అల్లుడిదీ హెచ్1బియే. ఎవరి వీసా వాళ్ళది. హెచ్1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే గరిష్ఠంగా అరవై రోజులు ఆగనిస్తారు. 2017లో వచ్చిన నిబంధన అది. ఆలోపు ఇంకో కంపెనీ ముందుకు రావాలి, లేదా వేరే వీసాకి మారాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. ఆ జనవరిలో పెద్ద పెద్ద కంపెనీలే వేలమందిని తీసేస్తున్నాయి. కొత్త ఉద్యోగం దొరకడం ఎలా? పెళ్ళయింది కాబట్టి మా అమ్మాయికి ఒక దారి ఉంది. భర్త వీసాకి అనుబంధంగా ఇచ్చే హెచ్4కి మారడం. దేశం దాటి రానక్కర్లేదు. అక్కడే ఉండి ఐ-539 అనే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

దానికి పెళ్ళి సర్టిఫికెట్ కావాలి. ఫోటో ఆల్బమ్ కుదరదు, శుభలేఖ కుదరదు. పెళ్ళయిన నాలుగో రోజున మా ఆయన కొత్త దంపతుల్ని, సాక్షుల్ని కారెక్కించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్ళారు. “పారాణి ఆరకుండానే ఆఫీసుల చుట్టూ తిప్పుతారేంటండీ” అని ఆ రోజు నేను విసుక్కున్నాను. ఆ కాగితం నా బీరువాలో పట్టుచీరల కింద ఉంది. తీసి, స్కాన్ చేయించి పంపాం. పెళ్ళి రిజిస్టర్ కాకపోయుంటే? ఇద్దరూ ఇక్కడికి వచ్చి సంతకాలు పెట్టాలి. ఆ అరవై రోజుల్లో ఆ ప్రయాణం అయ్యేపనేనా? ఆడపిల్ల పెళ్ళి చేసినవాళ్ళు రిసెప్షన్ కంటే ముందు చూసుకోవలసింది ఈ పని.

అదే చీరల కింద ఇంకో కాగితం కనిపించింది. మా అమ్మ నా పెళ్ళప్పుడు పసుపుకుంకాల కింద నా పేరు మీద రాయించిన ఎకరం కొబ్బరితోట దస్తావేజు. దాని సంగతి తర్వాత చెబుతాను.

దరఖాస్తు వేళకే పడింది. ఐదు నెలలకి హెచ్4 వచ్చింది. మా వియ్యపురాలు ఫోన్ చేసి, “వదినగారూ, అంతా మన మంచికేనండీ. ఇక పిల్లాపాపల సంగతి చూసుకుంటారు” అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆవిడన్నదీ, నేనన్నదీ ఒకటే కదా.

అక్కడి నుంచి మా అమ్మాయి గొంతు మారింది. హెచ్4 మీద ఉద్యోగం చెయ్యకూడదు. చదువుకోవచ్చు, కాని ఒక్క డాలరు సంపాదించకూడదు. 2015 మే 26 నుంచి కొందరు హెచ్4 భార్యలకి పని అనుమతి ఇస్తున్నారు. కాని దానికి భర్త గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 అనే మెట్టు దాటాలి, లేదా ఆ దారిలోనే ఆరేళ్ళ తర్వాత పొడిగింపు మీద ఉండాలి. మా అల్లుడికి అప్పటికి రెండూ లేవు. డ్రైవింగ్ లైసెన్సు గడువు కూడా ఆ వీసా కాగితం గడువును బట్టే. రేపు అతని ఉద్యోగం పోతే ఇద్దరి గడియారం ఒకేసారి మొదలవుతుంది. విడాకులైతే హెచ్4 ఆగిపోతుంది. దేవుడు చల్లగా చూడాలి గాని, భర్తకేమైనా అయినా అంతే. అంటే దేశంలో నువ్వు నిలబడిన చోటు నీది కాదు, నీ పెళ్ళిది.

ఎమ్మెస్ చదువుకి బ్యాంకు అప్పు ఉంది. నెలకి ఇరవై రెండు వేలు. ఉద్యోగం వచ్చిన మొదటి నెల నుంచి మా అమ్మాయే కడుతోంది. “నా చదువు, నా అప్పు” అనేది గర్వంగా. హెచ్4 వచ్చాక ఆ వాయిదా అల్లుడే పంపేవాడు, అడక్కుండానే. ఒకరోజు మాటల్లో అంది: “ఆయన ఏమీ అనరమ్మా. కాని ప్రతినెలా ఐదో తారీకు వచ్చేసరికి నేనే వంటింట్లో ఏదో ఒక పని పెట్టుకుని ఆయన ముందుకి రానమ్మా.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు సాయంత్రం మా ఆయనతో అక్విడక్టు దగ్గరికి నడిచి వెళ్ళాను. మా పి.గన్నవరంలో అందరం సాయంత్రాలు నడిచే చోటే. కింద వైనతేయ పాయ, పైన కాలవ. కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. రోజూ చూసే పేరే, ఆ రోజు వేరేగా కనిపించింది. ఆకలితో వచ్చినవాళ్ళందరికీ వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన ఇల్లాలు. వంటిల్లే ఆవిడ లోకం. అయినా ఫలానావారి భార్య అని కాదు, ఆవిడ పేరుతోనే ఆవిణ్ణి తలుచుకుంటున్నాం. ఇల్లాలిగా ఉండటం వేరు, పేరు లేకుండా ఉండటం వేరు. ఇంట్లో ఉండటం చిన్నతనమని నేను ఏనాడూ అనుకోలేదు. నేనూ ఇల్లాలినే. కాని నా కూతురు ఇల్లు ఎంచుకోలేదు. ఒక కాగితం దాన్ని ఇంట్లో కూర్చోబెట్టింది. ఆ తేడా నేను మొదటి రోజు చూడలేకపోయాను.

“నా తోట ఆదాయం ఇక దాని వాయిదాకి” అన్నాను మా ఆయనతో. ఆయన లెక్క వేసి, “సగానికి కూడా రాదే” అన్నారు. రాలేదు కూడా. దింపు దింపుకీ ధర మారుతుంది, ఒక్కోసారి కూలి పోగా మిగిలేది అంతంతే. మిగతాది అల్లుడే కట్టాడు. కాని అమ్మాయి ఆ నెల నుంచి ఐదో తారీకున వంటింట్లోకి పారిపోలేదు. మా అమ్మ నా పేరు మీద ఎకరం ఎందుకు రాయించిందో నాకు ముప్పై ఏళ్ళ తర్వాత అర్థమైంది. మా ఆయన మంచివారు కాదని కాదు. మంచివాడైన మొగుడి దగ్గర కూడా అడగకుండా ఖర్చుపెట్టుకునేది ఒకటుండాలని.

మా కోనసీమకి ఇది కొత్త కాదు. మా వీధిలో ఒకావిడ పాతికేళ్ళ కిందట ఖాదిం వీసా మీద కువైట్ వెళ్ళింది, ఇంటిపనికి. పిల్లల్ని తల్లి దగ్గర వదిలి వెళ్ళింది. ఆ డబ్బుతోనే ఇల్లు లేచింది, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళయ్యాయి. ఊళ్ళో ఆవిడ గురించి ఎన్ని మాటలన్నారో నేను విన్నాను. అప్పుడు నోరు విప్పి ఆపలేదు కూడా. ఆవిడ వీసా మొగుడి పేరు మీద లేదు, అక్కడి యజమాని పేరు మీద ఉంది. ఆ ఇల్లు మారాలన్నా ఆయన ఊ అనాలి. ఇంటిపని వీసా నుంచి కంపెనీ వీసాకి, అదే షూన్‌కి, మారడానికి కువైట్ 2024లో జులై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా రెండు నెలలు తలుపు తెరిచింది. అదీ యజమాని ఒప్పుకుంటేనే. ఖాదిం వీసా మీద వెళ్ళినావిడని చూసి జాలిపడతాం, హెచ్4 మీద వెళ్ళే పెళ్ళికూతురికి అక్షింతలు వేస్తాం. ఇద్దరి కాగితంలోనూ ఇంకొకరి పేరు ఉందన్న సంగతి మనకి తట్టదు.

ఇది ఆడవాళ్ళకే అనుకోకండి. థాయ్‌లాండ్‌లో యాభై దాటిన విదేశీయులు పదవీ విరమణ వీసా మీద ఉండాలంటే బ్యాంకులో 8 లక్షల బాత్‌లు చూపించాలట. థాయ్ స్త్రీని పెళ్ళి చేసుకుని ఆ వీసాని పెళ్ళి వీసాగా మార్చుకుంటే 4 లక్షలు చాలు. నెలాదాయం చూపించినా సరే, అక్కడా లెక్క 65 వేల నుంచి 40 వేలకి దిగుతుంది. మగవాళ్ళు సంతోషంగా మార్చుకుంటారు. కాని ఆ పెళ్ళి చెదిరితే వీసాకి ఆధారమే పోతుంది. సొంత డబ్బు మీద ఉన్నప్పుడు లేని భయం అప్పుడు మొదలవుతుంది. పెళ్ళి మీద వచ్చే వీసా గొడుగులాంటిది. వానలో మంచిదే. ఆ గొడుగు ఎవరి చేతిలో ఉందో మాత్రం తెలిసుండాలి.

మంచిదే అని ఎందుకంటున్నానంటే, ఆ హెచ్4 లేకపోతే మా అమ్మాయి మార్చికల్లా ఇల్లు ఖాళీ చేసి రావలసి వచ్చేది. దానితోపాటు ఉద్యోగం పోయిన పెళ్ళికాని స్నేహితురాలు అలాగే వచ్చేసింది. కాబట్టి మారొద్దని చెప్పను. కళ్ళు తెరుచుకుని మారమంటాను.

కళ్ళు తెరవడమంటే ఏమిటో మా అమ్మాయే నాకు నేర్పింది. ఒకసారి లాటరీలో నెగ్గి హెచ్1బి పొందినవాళ్ళకి ఆరేళ్ళలో వాడుకోని కాలం మిగిలే ఉంటుంది. హెచ్4 మీద ఉన్న రోజులు ఆ ఆరేళ్ళలో కలవవు. కంపెనీ దొరికితే మళ్ళీ లాటరీ లేకుండా ఆ మిగిలిన కాలానికి వెనక్కి మారవచ్చు. ఏడాదికి 85 వేల వీసాలకి 2023లో 7 లక్షల 80 వేలకి పైగా రిజిస్ట్రేషన్లు వచ్చాయంటే ఆ మినహాయింపు విలువెంతో చూడండి. మా అమ్మాయి తన పాత కాగితాలన్నీ, జీతం చీటీలతో సహా, తన ఫైలులో తను దాచుకుంది. 2024లో కొత్త ఉద్యోగం వచ్చింది, తన మూడేళ్ళు తను తిరిగి తీసుకుంది. చాలామంది పిల్లలు హెచ్4కి మారాక పాత ఫైలు ఎక్కడుందో కూడా మర్చిపోతున్నారట.

ఇంకో మాట, కష్టంలో ఉన్న పిల్లల కోసం. భర్త కొట్టి, తిట్టి, “నా వీసా మీద ఉన్నావు, నోరెత్తితే పంపించేస్తా” అని బెదిరిస్తుంటే, అక్కడి చట్టంలో హింసకి గురైన హెచ్4 భార్య తన పేరు మీద పని అనుమతి అడగడానికి దారి ఉంది. ఐ-765వి అనే దరఖాస్తు. ఇక్కడ మన జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై భర్తల విషయాలు చూసే విభాగం ఉంది. ఈ రెండు సంగతులూ పిల్లకి తెలియకపోయినా తల్లికి తెలిసుండాలి. భయపడిన పిల్ల మొదట ఫోన్ చేసేది తల్లికే కదా.

ఇప్పుడు మా చిన్నమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. మొన్న డాలస్ సంబంధం వాళ్ళు వచ్చారు. కాఫీలయ్యాక పెళ్ళికొడుకు తల్లి, “అమ్మాయి హెచ్4 మీద వచ్చేస్తుందిలెండి” అన్నారు. మామూలుగా అయితే నవ్వి ఊరుకునేదాన్ని. ఈసారి, “వస్తుందండీ వదినగారూ. వచ్చాక తనకి పని చేసుకునే వీలు ఎప్పుడు వస్తుందో, బాబు ఐ-140 ఎంతవరకు వచ్చిందో కూడా చెబితే బాగుంటుంది” అన్నాను. ఆవిడకి తెలీదు. అబ్బాయికి ఫోన్ చేసి అడిగారు. అతను చక్కగా, విసుక్కోకుండా చెప్పాడు. ఆ విసుక్కోకపోవడం నాకు నచ్చింది.

జాతకాలు, కట్నకానుకలు, అబ్బాయి జీతం అన్నీ అడుగుతాం. “మా పిల్ల అక్కడ ఎవరి పేరు మీద ఉంటుంది?” అన్న ఒక్క ప్రశ్న మాత్రం అడగం. అడగండి. అడిగితే సంబంధం చెడిపోతుందనుకుంటే, అది ముందే చెడిపోవడం మంచిది. పిల్ల ఫోన్ చేసి ఉద్యోగం పోయిందని చెబితే, నాలాగ “అబ్బాయికి ఉందిగా” అనకండి. “నీకేం కావాలమ్మా?” అని అడగండి. నేను ఆ రోజు అడగవలసింది అదే.