గుర్తింపు పరేడ్ జరగని కేసు

దువ్వాడలో రైలు దిగి ఉక్కునగరం వైపో, సెజ్ వైపో పోయేవాళ్లకు ఘర్షణ ప్రాంతాల్లో ఆడవాళ్లపై హింస అంటే గాజానో, సూడానో, మహా అయితే మణిపురో గుర్తొస్తుంది. వాకపల్లి గుర్తు రాదు. జి.మాడుగుల మండలంలోని ఆ కోందు ఆదివాసీల పల్లె 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది గానీ అంతకుముందు మన విశాఖ జిల్లాదే. మావోయిస్టుల కోసం కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 2007 ఆగస్టు 20న అక్కడి 11 మంది మహిళలు ఫిర్యాదు చేశారు. ఆ కేసు విచారణకు రావడానికే పదేళ్లు పట్టింది. అది కూడా 2017లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులని వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తును తప్పుపట్టి, ఆ మహిళలకు పరిహారం ఇమ్మంది.

తప్పుపట్టిన వాటిలో ముఖ్యమైనది గుర్తింపు పరేడ్ జరపకపోవడం. అదేమంత పెద్ద పని కాదు. అనుమానితుణ్ని అదే ఈడు, అదే ఒడ్డూపొడుగూ ఉన్న పలువురి మధ్య నిలబెట్టి, మేజిస్ట్రేట్ ఎదుట బాధితురాలిని గుర్తుపట్టమంటారు. కూంబింగ్ దళంలో ఎవరి పేరేమిటో కొండ మీది ఆడవాళ్లకు ఎలా తెలుస్తుంది? వాళ్లకు తెలిసేది ముఖాలే. ఆ ముఖాలను చూపించకుండా నేరం రుజువు కాలేదంటే, రుజువు కానిది నేరమా, దర్యాప్తా? ఘర్షణ ప్రాంతంలో హింసను ఆపేది అవగాహన సదస్సు కాదు, ఫిర్యాదు వస్తే దర్యాప్తు తప్పదన్న భయం. బాధితురాలికి 24 గంటల్లో వైద్యపరీక్ష జరగాలని చట్టం 2006 నుంచే చెబుతోంది. అత్యాచారం కేసులో ప్రభుత్వోద్యోగిని విచారించడానికి సర్కారు అనుమతి అక్కర్లేదని 2013లో తేల్చారు. ఇక కావాల్సింది ఏ రోజు ఏ దళంలో ఎవరెవరు ఏ ఊరికి వెళ్లారో రాసిన పట్టీ వెంటనే మేజిస్ట్రేట్ చేతికి రావడం, దర్యాప్తు ఆ పోలీసు శాఖతో సంబంధం లేనివాళ్ల చేతిలో ఉండటం.

ఇలాంటి నిబంధనలు బలగాల మనోధైర్యాన్ని దెబ్బతీస్తాయంటారు. మావోయిస్టులు ఆడవాళ్లను ముందుపెట్టి కట్టుకథలు అల్లిస్తారనీ అంటారు. కట్టుకథే అనుకుందాం. అప్పుడు కూడా పోలీసును కాపాడేది ఆ పరేడే కదా! అది సరిగా జరిగుంటే ఆ 13 మంది దాదాపు పదహారేళ్లు అనుమానం మోయాల్సిన పని ఉండేది కాదు. మావోయిస్టులూ హింసకు పాల్పడ్డారన్నది నిజమే. కానీ వాళ్లను శిక్షించే చట్టం పేరుతోనే కొండెక్కినవాళ్లకు ఆ చట్టం వర్తించకపోతే ఎలా? ఏజెన్సీలో తుపాకుల మోత తగ్గింది, పాత గొడవ ఇప్పుడెందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. పట్టీలూ పరేడ్లూ పద్ధతిగా అలవాటు చేసుకోవడానికి ఇంతకంటే తీరిక ఎప్పుడు దొరుకుతుంది?