చర్మం క్రింది నీటి లెక్క

షుగరు జబ్బు ఉన్న ఇంట వ్రేలికి సూది గుచ్చే తంతు తెలియనివారుండరు. రోజుకు మూడు నాలుగుసార్లు పొడుచుకొని వ్రేళ్ల కొసలు కాయలు కాచినవారిని మనమెరుగుదుము. రక్తం తీయకుండా చక్కెర సంగతి తెలియదా అని వారడుగుతూ ఉంటారు. తెలుస్తుంది. అయితే ఆ తెలిసేది ఎప్పటి సంగతో గ్రహించడం అవసరం.

మన ఒంటిలో కణాల నడుమ పలుచని నీరు కలదు. రక్తంలోని చక్కెర సన్నని నాళాల గోడలగుండా ఈ నీటిలోనికి ఊరుతుంది. కనుక ఈ నీటిని పరీక్షిస్తే రక్తం సంగతి చాలావరకు తెలియును. 2001లో అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ శాఖ అనుమతించిన గ్లూకోవాచ్ ఈ పనికే వచ్చినది. మణికట్టుకు కట్టుకుంటే, స్వల్పమైన విద్యుత్తుతో చర్మంగుండా చక్కెరను లాగి కొలిచేది. కాని చర్మం కందేది. చెమట పడితే అంకె చూపేది కాదు. సరిచూచుకోవడానికి మళ్లీ వ్రేలే పొడవవలసి వచ్చేది. కొన్నేళ్లకే అది అంగడినుండి తొలగిపోయింది.

ఇప్పుడు వాడుకలోనున్నవి వేరు. 2014లో ఐరోపాలో వచ్చిన ఫ్రీస్టైల్ లిబ్రే అనే గుండ్రని బిళ్లను జబ్బ వెనుక అంటిస్తారు. సుమారు 5 మిల్లీమీటర్ల సన్నని తీగ చర్మంలోనికి దిగి 14 రోజులుంటుంది. తీగమీది ఎంజైము చక్కెరతో కలిసినప్పుడు పుట్టే విద్యుత్తే అంకెగా మారుతుంది.

మావంటి గుమాస్తాలకు దీని గుట్టు సులువుగా బోధపడుతుంది. రక్తం చిట్టా, ఈ నీరు ఆవర్జా. పద్దు ముందు చిట్టాకెక్కి, ఆ తరువాతనే ఆవర్జాకు దిగుతుంది. నడుమ 5 మొదలు 15 నిమిషాలు పట్టవచ్చును. చక్కెర నిలకడగా ఉంటే రెండు లెక్కలూ ఇంచుమించు సరిపోతాయి. భోజనం కాగానే, నడిచి వచ్చిన తరువాత, ఇన్సులిన్ వేసుకొన్న పిమ్మట మాత్రం బిళ్ల చూపేది గడచిన లెక్క.

ప్రాణానికి ముప్పు ఇక్కడనే ఉన్నది. ఇన్సులిన్ తీసుకొనే తాతగారికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతున్నదనుకోండి. బిళ్ల 90 అంటున్నది. "అంకె బాగానే ఉన్నది గదా, పడుకోండి తాతయ్యా" అనరాదు. వెంటనే వ్రేలి రక్తం చూడవలెను. 70కి తగ్గినా, చూసే వీలు లేకపోయినా, ఆయన తెలివితో ఉండి మ్రింగగలిగితే మూడు నాలుగు చిన్న చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. తెలివి తప్పితే నోట ఏమీ పోయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

అట్లని బిళ్ల పనికిరానిదని కాదు. వ్రేలి రక్తం ఆ ఒక్క క్షణపు అంకె చెబుతుంది. రాత్రి నిద్రలో చక్కెర పడిపోవడం, ఏ ఫలహారానికి ఎంత పెరిగిందీ చూపేది బిళ్లయే. కొన్ని హెచ్చరిక గంట కూడా మ్రోగిస్తాయి. ఆ చేతిపై ఒత్తిగిలి పడుకుంటే మాత్రం అంకె తప్పుగా తగ్గవచ్చును. ఖర్చు వేల రూపాయలలో ఉంటుంది గనుక ఎవరికి అవసరమో డాక్టరుగారినే అడగండి.

ఇంకొక మాట. అసలు గుచ్చకుండానే చక్కెర చెబుతామని గడియారాలు, ఉంగరాలు అమ్ముతున్నారు. అట్టి స్మార్ట్ వాచీకి గాని, ఉంగరానికి గాని తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా శాఖవారు 2024 ఫిబ్రవరిలో హెచ్చరించినారు. దూరాననున్న పిల్లలు ప్రేమతో కొని పంపినా, ఆ అంకె చూచి మందు మోతాదు మార్చరాదు.

బిళ్ల అంటించుకొన్నంత మాత్రాన పాత సూది పెట్టెను అటకెక్కించకండి.